పరదా తీసే చెయ్యి

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం. ఒక మనిషి మన కోసం ఒకటి వదులుకుంటే, అది మనకు ఇచ్చినట్టా, మన నెత్తిన పెట్టినట్టా? రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, పిల్లల చదువూ మా ఆయన మోకాళ్ల నొప్పీ అయ్యాక, చివర్లో ఈ మాట కూడా అడుగుతుంటాను. దేవుడు జవాబు చెప్పడు. నా నమ్మకం ఏమీ తగ్గలేదు గానీ, నేను అడిగింది ఆయనకు సరిగ్గా అర్థమైందా లేదా అన్న అనుమానం మాత్రం అప్పుడప్పుడు వస్తుంది.

ఆ మనిషి మా అక్క. తను వదులుకున్న వాటిలో పెద్దవి చాలానే ఉన్నాయి. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం చాలా చిన్నది. ఒక వంతు.

చిన్నప్పుడు మేమిద్దరం పడుకునే గదికి ఒకటే కిటికీ. పొద్దున్నే పరదా తీసే పని ఒకరోజు తనది, ఒకరోజు నాది. దానికో నియమం ఉండేది. ఒకరు తీస్తుంటే రెండోవాళ్లు కళ్లు మూసుకోవాలి. తీసినవాళ్లు వీధిలో ఏముందో చెప్పాకే తెరవాలి. పాలబండి వెళ్తోందనో, పక్కింటి పిల్లి గోడ మీద కూర్చుని మనల్నే చూస్తోందనో ఏదో ఒకటి చెప్పాలి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు వంతు అక్కది. నేను ఏడుస్తున్నాను. "పోనీ నువ్వే తియ్యి" అని పరదా తాడు నా చేతిలో పెట్టింది. "నీకో వంతు బాకీ ఉన్నాను" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అమ్మ తిరిగి రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆటలు లేవు. ఆ వంతు మాత్రం మాటగా మిగిలిపోయింది. నేను గిన్నెలో చివరి ముక్క తీసుకోబోతే "ముందు నా బాకీ తీర్చు" అంటుంది అక్క. తీరుస్తానంటే "ఇప్పుడొద్దులే" అంటుంది. ఇప్పటికీ మా పరదాల కొట్టులోకి అందరికంటే ముందు దిగి, ఊడ్చి, కుట్టు మిషన్లకు నూనె పెట్టి, అన్నీ తనే చేసి, ముందు వైపు పరదా మాత్రం నాకు వదిలేస్తుంది.

సరే. పోయిన వారం భాగం చివర ఈత మాస్టారిని మా కొట్టు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. పాపం, చేతిలో పరదా తాడు పట్టుకుని వారం రోజులుగా అక్కడే ఉన్నారు. ఇక లోపలికి రానిద్దాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. అమ్మ నడిపిన పరదాల కొట్టును ఇప్పుడు అక్కా నేనూ నడుపుతున్నాం. కింద కొట్టు, పైన ఇల్లు. నేనూ మా ఆయనా పిల్లలూ వెనక గదుల్లో ఉంటాం, అక్క వీధి వైపు గదిలో. అక్కకు పెళ్లి కాలేదు. కాలేదని ఎవరైనా అంటే 'చేసుకోలేదు' అని తనే దిద్దుతుంది. మాస్టారు ఊరి ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతారు. భార్య పోయి చాలా కాలమైంది. కిందటి నెల ఆయన పడగ్గది కిటికీకి పరదాలు కావాలంటే అక్క వెళ్లి కొలత తీసుకుంది. మా ఆయన సెలవు రోజున వెళ్లి బిగించి వచ్చారు. అప్పటి నుంచి మాస్టారు ఏదో ఒక వంకతో మా వీధినే పోతున్నారు. అక్క కిటికీ వైపు చూడకుండా కుడుతోంది. అలా కుట్టడానికి ఎంత అవస్థ పడాలో నాకు తెలుసు. మా మిషన్లు రెండూ కిటికీ ఎదురుగానే ఉన్నాయి.

"రండి, కూర్చోండి" అన్నాను. "అక్క గుడ్డల గోదాముకు వెళ్లింది. భోజనం వేళకు వచ్చేస్తుంది."

"తెలుసండీ. ఆవిడ బస్సెక్కడం చూసే వచ్చాను."

ఆయన గొంతు గురించి చెప్పాలి. నీళ్లూ గోడలూ మారుమోగే చోట రోజంతా అరిచి అరిచి, మామూలు గదిలో మామూలుగా మాట్లాడటం ఆయనకు చేతకాకుండా పోయింది. రహస్యం చెప్పినా నాలుగిళ్లకు వినిపిస్తుంది.

తాడు బల్ల మీద పెట్టారు. దాని చివర మేం కట్టిన కొయ్య గుండు ఒకసారి దొర్లి ఆగింది.

"ఈ కొలత ఎవరిదో చెప్పండి" అన్నారు.

ఆ మాటకు నేను తాడు మీదికి వంగి చూశాను. ఎందుకో తెలియాలంటే మా పని పద్ధతి తెలియాలి. కొలతకు వెళ్లినప్పుడు ఇంటికో నాడా తీసుకెళ్తాం. కిటికీ వెడల్పుకు ఒక ముడి, ఎత్తుకు ఒక ముడి వేస్తాం. మూడో ముడి వేసే ముందు ఒక మాట అడగాలి. "ఈ ఇంట్లో పొద్దున్నే పరదా తీసేదెవరు?" అది అమ్మ నేర్పిన ప్రశ్న. ఎవరైతే వాళ్లను కిటికీ పక్కన నిలబెట్టి, చెయ్యి భుజం దాకా ఎత్తమని, నేల నుంచి ఆ అరచేతి దాకా కొలిచి మూడో ముడి వేస్తాం. లాగే తాడు చివర గుండు సరిగ్గా అక్కడికి రావాలి. నిద్రకళ్లతో వచ్చినా చేతికి తగలాలి, వెతుక్కోకూడదు. అందుకే మేం కట్టిన తాడు చూస్తే ఆ ఇంట్లో ఎవరు ముందు లేస్తారో చెప్పేయొచ్చు.

"మా ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటానండీ" అన్నారు మాస్టారు. "నన్ను చూశారుగా, నిచ్చెన లేకుండా ఫ్యాను తుడుస్తాను. ఈ గుండేమో నా పొట్ట దగ్గర వేలాడుతోంది. కిందికంటా లాగాలంటే వంగాలి. రోజూ పొద్దున్నే కిటికీకి దణ్ణం పెట్టుకుంటున్నట్టుంది నా పని."

"ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది. చిన్నది చేసి ఇస్తాను" అని కత్తెర అందుకున్నాను.

"వద్దొద్దు, వద్దు. కత్తెర కింద పెట్టండి ముందు."

గోడ అవతల రొట్టెల కొట్టులో ఏదో రేకు పళ్లెం కింద పడింది.

"మాస్టారూ" అని రొట్టెల కొట్టావిడ అక్కడి నుంచే కేకేసింది. "మీరు కాస్త నెమ్మదిగా మాట్లాడితే మా పిండి పొంగుతుంది. లేదంటారా, అందరికీ అర్థమయ్యేలా మొదటి నుంచీ చెప్పండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు బాగా తగ్గించి, అంటే మామూలు మనుషులు మాట్లాడినంత గొంతుతో, చెప్పడం మొదలుపెట్టారు.

"పొద్దున్నే పరదా తీసేదెవరని మీ అక్కగారు నన్ను అడిగారు. ఎవరూ తియ్యరండీ అన్నాను. మా ఆవిడ పోయినప్పట్నుంచీ ఆ కిటికీ మూసే ఉంది, పాత గుడ్డ చిరిగిపోయింది, కొత్తది వేస్తే చాలన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. నన్ను చెయ్యెత్తమనలేదు. కొలుచుకుని వెళ్లిపోయారు."

గుండును వేలితో కొంచెం జరిపారు.

"ఇప్పుడు రోజూ తీస్తున్నానండీ. వంగే తీస్తున్నాను. ఆ గుండు అక్కడ వేలాడుతుంటే, తియ్యాల్సిన మనిషి ఎవరో ఇంట్లో ఉండి, కాస్త ఆలస్యంగా లేస్తున్నట్టు ఉంటోంది. ఆవిడ లేచేలోపు నేను తీసి పెడదామనిపిస్తోంది. నాకేమైనా మతిపోయిందంటారా?"

నేను కత్తెర సొరుగులో పెట్టేశాను.

"వేరే ఊళ్లో కొత్త కొలను కట్టారు" అన్నారు. "వచ్చి చూసుకోమంటున్నారు. సాయంత్రం లోపు అవునో కాదో చెప్పాలి. ఆ ఎత్తు పొరపాటున వచ్చిందైతే వెళ్తాను. కాకపోతే ఉంటాను."

"ఆ మాట అక్కనే అడగొచ్చుగా?"

"అడిగితే ఏమంటారు? 'పొరపాటండీ, సరిచేసి ఇస్తాం' అంటారు. మీకు తెలీదా?"

తెలుసు. అచ్చంగా ఆ మాటే అంటుంది.

"మధ్యాహ్నం మీరు పరదా వేసుకుని భోంచేస్తారు కదా. నేను ఎదురుగా బస్సు స్టాపులో కూర్చుంటాను. మళ్లీ కొట్టు తెరిచేటప్పుడు ఆ పరదా మీ అక్కగారు తీస్తే లోపలికొస్తాను. మీరు తీస్తే, ఏమనుకోకండి, నాకు జవాబు తెలిసినట్టే. ఎవరి మీదా కోపం ఉండదు. రెండో జట్టు పిల్లలకు గంట కొట్టేదాకా ఉంటాను. చిన్న పిల్లలు, నేను లేకుండా నీళ్లలో దిగకూడదు."

తాడు అక్కడే వదిలి వెళ్లిపోయారు. గోడ అవతల చాలాసేపు చప్పుడు లేదు. రొట్టెల కొట్టావిడ పిండి సంగతి మర్చిపోయిందనుకుంటాను.

అక్క గుడ్డల మూటతో వచ్చేసరికి నేను పరదా వేసేసి, గిన్నెలు బల్ల మీద సర్ది ఉంచాను. తాడు నా ఒళ్లో, కొంగు కింద దాచుకున్నాను. ఇద్దరం తింటున్నాం. గోదాములో నీలం గుడ్డ దొరకలేదని, ఉన్నది ఉతికితే వెలిసిపోయేలా ఉందని అక్క చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను.

నిజం చెప్పాలంటే నేనేమీ చెయ్యక్కర్లేదు. రోజూలాగే చెయ్యి కడుక్కుని, రోజూలాగే లేచి, రోజూలాగే నేనే పరదా తీస్తే చాలు. అక్క ఎప్పటిలా వీధి గదిలోనే ఉంటుంది. పిల్లలు నిద్ర లేవగానే నా దగ్గరకు రాకుండా దాని పక్కలోకే దూరతారు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద పడేది ఆ చెయ్యే. నేను పుట్టేసరికే అక్క ఉంది. అక్క లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దేవుడా, ఇది నాకు పెట్టిన పరీక్షా, అక్కకు పెట్టినదా అని అడిగాను. ఆయన తన అలవాటు మానలేదు. జవాబు రాలేదు. ఒళ్లో గుండు బరువు మాత్రం తెలుస్తోంది.

లేచి, వెనక గోడకు వరసగా తగిలించిన నాడాల్లోంచి ఒకటి తీశాను.

"అక్కా, ఇలా వచ్చి గోడ పక్కన నిలబడు."

"ఎందుకే?"

"చెయ్యెత్తు."

"ఎంగిలి చెయ్యి."

"ఎడం చెయ్యెత్తు. భుజం దాకా."

"అన్నం తినే వేళ ఇదేం విడ్డూరం? నీకేమైనా గాలి సోకిందా?" అంటూనే నిలబడింది. చిన్నప్పటి నుంచీ అంతే, తిడుతూ చేస్తుంది. నేను నాడా కొసను దాని కాలి వేలి కింద పెట్టి, మూడో ముడి దాకా పైకి సాగదీశాను. ముడి సరిగ్గా అరచేతి మధ్యలో పడింది. ఇటు వేలెడూ లేదు, అటు వేలెడూ లేదు.

"ఇది ఎవరి నాడానో చెప్పనా?"

అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చెయ్యి దించడం కూడా మర్చిపోయింది.

"ఆయన వచ్చారా?" అంది.

"వచ్చి వెళ్లారు. పక్కింటి పిండి పొంగకుండా చేసి మరీ వెళ్లారు." తాడు తీసి దాని ముందు పెట్టాను. "పొరపాటు జరిగిందని చెప్పు, నేను నమ్ముతాను. ఇన్నేళ్లలో నువ్వు ఒక్క కొలతా తప్పలేదు. అయినా నమ్ముతాను."

అక్క కుర్చీలో కూర్చుంది. గుండు దగ్గరి ముడి మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయింది.

"ముడి వేసినప్పుడు పొరపాటే" అంది. "ఎవరూ తియ్యరన్నాడాయన. ఆ గది చూస్తే నాకు ఏదోలా అనిపించింది. పాత గుడ్డ పక్కకు జరిపి చూశాను. అబ్బ, ఎంత మంచి కిటికీనే. వెలుతురంతా నేరుగా మంచం మీదికే వస్తుంది. ఇలాంటిది మూసి పెట్టుకోవడమేంటని చెయ్యెత్తాను. ఎత్తిన చేతికి ముడి వేసేశాను. ఇంటికొచ్చాక చూసుకున్నాను."

"చూసుకుని?"

"మళ్లీ వెళ్లి కొలవొచ్చు. అటూ ఇటూగా పొట్టి చేసెయ్యొచ్చు కూడా." గొంతు బాగా తగ్గిపోయింది. "తాడు కోసేటప్పుడు నాకు తెలుసు. తెలిసే కోశాను."

ఇంత మాట అక్క నోట వింటానని నేను అనుకోలేదు. మాస్టారు చెప్పినదంతా చెప్పాను. కొత్త కొలనూ, బస్సు స్టాపూ, పరదా ఎవరు తీస్తే ఏమిటన్నదీ, ఏమీ దాచలేదు. అక్క విన్నది. విని, ఉన్నట్టుండి నా మీద విరుచుకుపడింది.

"చాల్లే, నవ్విపోతారు. ఈ వయసులో నాకేంటే ఇది? కొట్టు ఎవరు చూస్తారు? పెద్ద పనులొస్తే నువ్వొక్కదానివే కోస్తావా? మొన్న కోసినది ఒక మడత పొట్టిగా వచ్చింది, నేను చూసుకోకపోతే ఏమయ్యేది? పిల్లలు..."

"మళ్లీ మా కోసమేనా?" అన్నాను. "నా కోసం ఎన్ని మానుకున్నావో లెక్కే లేదు. ఇంకోటి కూడా మానుకుంటే నేను మొయ్యలేను అక్కా. నువ్వు ఇస్తున్నావో, నా నెత్తిన పెడుతున్నావో నాకు ఏనాడూ తెలీలేదు."

అక్క నన్ను వింతగా చూసింది.

"నెత్తిన పెట్టడమేంటే? నాకు ఈ కొట్టంటే ఇష్టం. నువ్వంటే ఇష్టం. నీ పిల్లలు చల్లటి కాళ్లు తెచ్చి నా పొట్టకు ఆనిస్తారు చూడు, అది ఇష్టం. నాకు ఇష్టమై చేసినవన్నీ నువ్వు బాకీ కింద జమ వేసుకుంటే నేనేం చెయ్యను? నన్నో పటం కట్టి గోడకు తగిలించావు. కిందికి దిగితే మేకు ఊడిపోతుందేమోనని నాకే భయంగా ఉంది."

"మరి ఆ వంతు?"

అక్క తాడును వేలికి చుట్టుకుంది.

"అదొక్కటీ నిజంగా బాకీయే" అంది. "ఆ రోజు నాకు కూడా ఏడుపొచ్చింది. నాకు కూడా నేనే తియ్యాలనిపించింది. నువ్వు ముందు ఏడ్చావు, అంతే."

నా చేతిలోంచి నాడా జారిపోయింది. ఇన్నేళ్లు నవ్వుకున్న మాట అడుగున ఇదుందని నేను అనుకోలేదు.

"మరి తీరుస్తానన్నప్పుడల్లా ఇప్పుడొద్దులే అన్నావేం?"

"తీరిపోతే ఇంకేం మిగులుతుందిలే అని." కళ్లు తుడుచుకోకుండా నవ్వింది. "గుండు వేలాడదీయడం తేలికేనే. పొద్దున్నే లేచి వెళ్లి లాగాలి కదా. నాకు అలవాటు లేదు. భయమేస్తోంది."

అప్పుడు వినిపించింది గంట. రెండు వీధుల అవతల, ఈత కొలను నుంచి. అక్క సగం లేచి ఆగిపోయింది.

"గంట కొట్టేశారు."

"వినిపించింది."

"వెళ్లిపోయుంటారు. చిన్నపిల్లలు కదా, నీళ్ల దగ్గర ఒంటరిగా ఉంచరు."

"వెళ్లిపోయుండొచ్చు."

"లేకపోతే ఏం చెయ్యను? తీసి చూస్తే ఖాళీ బెంచీ కనిపిస్తే?"

"ఖాళీ బెంచీ ఉందని నాకు చెప్పు. ఆటలో అదీ చెల్లుతుంది."

అక్క కదల్లేదు. నేనే చెయ్యి పట్టుకుని పరదా దగ్గరకు తీసుకెళ్లాను. ఈ కొట్టు తాడు నా ఎత్తుకు కట్టింది. గుండు అక్క చేతికి తిన్నగా తగలదు, ముఖం దగ్గర వేలాడుతుంది. ఇన్నేళ్లుగా ఊడ్చి, నూనె పెట్టి, అన్నీ చేసిన మనిషికి ఆ గుండు చేతి ఎత్తులో లేదని నేను అప్పుడే చూశాను. తాడు కిందికి దించి పట్టుకోబోతే, "ఉండు" అని అక్క చెయ్యి పైకి చాచి తనే పట్టుకుంది.

"ఇది నీ వంతు" అన్నాను.

"కళ్లు మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"నిజంగా?"

"దేవుడి మీద ఒట్టు."

గోడ అవతల రొట్టెల కొట్టావిడ కూడా ఊపిరి బిగబట్టిందేమో, అక్కడా అలికిడి లేదు. తర్వాత రింగులు కర్ర మీద జరిగిన చప్పుడు వినిపించింది. ముందు ఆగి ఆగి, తర్వాత ఒక్కసారిగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. రెప్పల మీద ఎండ పడింది. రెప్పల లోపలంతా ఎర్రగా, వెచ్చగా ఉంది, ఆ పాత గదిలో ఉన్నట్టే.

"ఏముందక్కా?"

అక్క మాట్లాడలేదు.

"అక్కా, ఏం కనిపిస్తోంది?"

దాని చెయ్యి తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. గట్టిగా పట్టుకుంది.

"అప్పుడే తెరవకు" అంది.

తెరవలేదు. వంతు తనది.